సీనియర్ చెప్పే మాట: కెరీర్ కేంద్రంలో విద్యార్థి సలహాదారులు



ఈ స్మారక నిధి ఎవరి పేరున నడుస్తుందో ఆ మన సారు గుణగణాలు ఈ సభలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. అందువల్ల ఆయన్ని గురించి కాక ఆయన బతికినంతకాలం పట్టించుకున్న పనిని గురించి మాట్లాడతాను. చదువు ముగించి బయటికి పోయే పిల్లలకు దారి చెప్పడం ఆ పని. అందులోనూ ఈరోజు ఒక్క భాగమే తీసుకుంటాను: విశ్వవిద్యాలయ కెరీర్ కేంద్రంలో విద్యార్థుల చేతనే తోటి విద్యార్థులకు సలహా చెప్పించడం. వాళ్లను ఎట్లా ఎంచుకోవాలి, ఏం నేర్పాలి, ఆ తరువాత వాళ్ల వెనక ఎవరు నిలబడాలి అన్నది నా విషయం.

ఈ అనంతపురం జిల్లాలో డిగ్రీ చదివే పిల్లవాడు తన భవిష్యత్తు గురించి మొదట ఎవరిని అడుగుతాడు? ప్లేస్‌మెంట్ ఆఫీసరును అడగడు. ఆ గదిలోకి చెప్పులతో పోవచ్చో లేదో తెలియక గడప దగ్గరే తచ్చాడి వెనక్కి తిరిగినవాళ్లను నేను చూశాను. ఇంట్లో అడుగుదామంటే కాలేజీ మొహం చూసినవాళ్లు ఇంట్లో లేరు. కాబట్టి హాస్టల్లో పై అంతస్తు అన్నను అడుగుతాడు. ఆర్టీసీ బస్టాండులో కలిసిన ఊరి అక్కను అడుగుతాడు. మెస్ లైనులో తన ముందు ప్లేటు పట్టుకుని నిలబడిన సీనియర్‌ను అడుగుతాడు. ఆ సీనియర్ ఒక్క మాట అంటాడు. "ఎంబీఏ వద్దురా." "బెంగుళూరుకి పో, ఏదో ఒకటి దొరుకుతాది." "గ్రూప్స్‌కి కూర్చో." ఆ ఒక్క మాట మీద ఒక్కోసారి మూడేళ్లు గడిచిపోతాయి.

విశ్వవిద్యాలయం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మన ప్రాంగణాల్లో విద్యార్థి సలహాదారులు ఎప్పటినుంచో ఉన్నారు. వాళ్లకు ఎవరూ ఏమీ నేర్పలేదు, వాళ్ల మాటకు ఎవరూ పూచీ పడలేదు, అంతే తేడా. ఆ పూచీ విశ్వవిద్యాలయం తీసుకోవాలని నేను వాదిస్తాను. సీనియర్లకు బ్యాడ్జీలు తగిలించి, కంపెనీవాళ్లు వచ్చిన రోజు కుర్చీలు వేయించి, నీళ్ల బాటిళ్లు మోయిస్తే పూచీ తీసుకున్నట్టు కాదు. బాధ్యత గల ఒక పెద్ద మనిషి, పర్యవేక్షకుడిగా, ప్రతి వారం ఒక గంట వాళ్లతో కూర్చోవాలి. నేను చెప్పేదంతా చివరికి ఆ ఒక్క గంట గురించే.

పిల్లలు పిల్లలకు చెప్పడం ఈ పీఠభూమికి కొత్త కాదు. 1822లో మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో, మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాలన్నిటిలోనూ నాటు బడుల లెక్క తీయమని ఉత్తరువిచ్చాడు. 1800 నుంచి 1807 వరకు సీడెడ్ జిల్లాల ప్రధాన కలెక్టరుగా మన నేలంతా తిరిగినవాడాయన. ఆ ఉత్తరువుకు జవాబుగా బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో నివేదిక పంపాడు. అనంతపురం అప్పటికి బళ్లారి జిల్లాలోనే ఉంది. విడి జిల్లా అయింది 1882లో. కాబట్టి అది మన నివేదిక కూడా. క్యాంప్‌బెల్ తెలుగు బాగా నేర్చినవాడు, 1816లో తెలుగు వ్యాకరణం అచ్చు వేయించినవాడు. జిల్లా మొత్తం మీద 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నట్టు లెక్క తేల్చాడు. అందులో 235 కన్నడ బడులు, 226 తెలుగు బడులు.

ఆ నివేదికలో నేను పదే పదే చదివే సంగతులు మూడున్నాయి. చదువులో ముందున్న పిల్లలు వెనకున్న పిల్లలకు చెప్పేవారట. అట్లా చెప్పడం వల్ల తమకు వచ్చింది కూడా గట్టిపడేదట. ఈ పద్ధతిని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు, ఇంగ్లండు దీన్ని చూసి నేర్చుకోవడం సబబే అన్నాడు. కింది తరగతులను పెద్ద పిల్లలు చూసుకుంటున్నా, అయ్యవారి కన్ను బడి మొత్తం మీద ఉండేదని కూడా రాశాడు. ఇక మూడో సంగతి, పిల్లలు అప్పజెప్పడంలో దిట్టలే గాని చదివినదానికి అర్థం తెలిసినవాళ్లు తక్కువని. చిలకపలుకులు అని తేల్చేశాడు. విద్యార్థి సలహాదారుల వ్యవస్థకు ఉండే బలమూ, దాన్ని నిలబెట్టే గుంజా, దాన్ని తినేసే చెదా మూడూ రెండు వందల ఏళ్ల కిందట మన జిల్లా మీద రాసిన ఆ కాగితంలోనే ఉన్నాయి.

ఇంగ్లండు నేర్చుకున్న కథ కూడా చెప్పాలి. మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, తన ఆశ్రమంలో పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చెప్పించడం మొదలుపెట్టాడు. 1797లో దాని మీద పుస్తకం ప్రచురించాడు. మద్రాసు పద్ధతి అన్న పేరుతో అది ఇంగ్లండులో బాగా వ్యాపించింది. వ్యాపించడానికి ముఖ్య కారణం చౌక కావడం. ఒక్క ఉపాధ్యాయుడి జీతంతో వందల మందికి చదువు చెప్పామనిపించుకోవచ్చు. పిల్లల గుంపు పెరిగేకొద్దీ అయ్యవారి కన్ను ఎవరి మీదా నిలవలేదు. మిగిలింది అప్పజెప్పడమే. చివరికి 1846లో అక్కడి ప్రభుత్వం దారి మార్చింది. పదమూడేళ్లు నిండినవాళ్లను అయిదేళ్ల శిక్షణకు తీసుకుని, ఏటా భత్యం ఇచ్చి, ప్రధానోపాధ్యాయుడు రోజూ గంటన్నర వాళ్లకు విడిగా పాఠం చెప్పాలని నిబంధన పెట్టింది. ఈ రెండు పద్ధతుల్లోనూ చెప్పేది పిల్లలే. ఒకదానిలో వాళ్లను జీతం లేని పనివాళ్లుగా చూశారు, రెండోదానిలో రేపటి ఉపాధ్యాయులుగా చూశారు.

అంత దూరం పోనక్కరలేదు కూడా. మదనపల్లె దగ్గర రిషీ వ్యాలీ చుట్టుపక్కల పల్లెబడుల్లో అన్ని తరగతుల పిల్లలూ ఒకే గదిలో కూర్చుంటారు. ఉపాధ్యాయుడి సాయం కావలసినవాళ్లు ఒక గుంపు, తోటివాళ్ల సాయం చాలినవాళ్లు ఇంకో గుంపు, సొంతంగా చేసుకోగలవాళ్లు మరో గుంపు. ఏ పని ఎవరి సాయంతో చేయాలో వాళ్లు చదివే కార్డుల మీదే గుర్తు ఉంటుంది. చెన్నై కార్పొరేషన్ బడులు 2003లో ఈ పద్ధతినే చూసి తమకు అనువుగా మలచుకున్నాయి. తోటి పిల్లవాడి సాయం ఎక్కడ చాలుతుంది, ఎక్కడ చాలదు అన్నది అక్కడ ముందే తేల్చి పెట్టుకున్నారు. మన కెరీర్ కేంద్రాలు ఇంకా తేల్చుకోనిది సరిగ్గా అదే.

మన పిల్లలు అడిగే ప్రశ్నలు ఎట్లాంటివో ఇప్పుడు చెప్తాను. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే నేల ఇది. అదీ పడితే. వేరుశనగ నమ్ముకున్న ఇల్లు, ఎండిపోయిన బోరు, బోరు కోసం చేసిన అప్పు, సుగ్గికి, అంటే వలస కూలికి, పోయి వచ్చే అమ్మానాన్న. అట్లాంటి ఇంటినుంచి వచ్చిన పిల్లవాడు "నాకు ఏ కెరీర్ నప్పుతుంది" అని అడగడు. "ఎప్పటిలోగా నాకు జీతం వస్తాది" అని అడుగుతాడు. బయటినుంచి తెచ్చుకున్న కెరీర్ గైడెన్స్ పుస్తకాలు అభిరుచి పరీక్షలతో మొదలవుతాయి. మన దగ్గర మొదట తెలుసుకోవలసింది, ఈ ఇల్లు ఇంకా ఎన్ని నెలలు ఆగగలదు అన్నది. ఈ సంగతి ప్రొఫెసరుకు చెప్పడానికి పిల్లవాడికి నామోషీ. అదే బాధ పడి బయటపడిన సీనియర్‌కు చెప్తాడు. విద్యార్థి సలహాదారు విలువంతా ఇక్కడే ఉంది. ఈ ఒక్క పనిలో పీహెచ్‌డీ చేసిన ఏ ఆఫీసరూ వాళ్లకు సాటి రాడు.

అయితే అన్న కదా అని నమ్మి అడిగిన ప్రశ్నకు ఆ అన్న దగ్గర సమాచారం ఉండాలి. బీఎడ్ చేస్తున్న అమ్మాయి "అన్నా, డీఎస్సీ ఎప్పుడు పడుతుంది" అని అడిగిందనుకోండి. "పడుతుందిలే, చదువుతూ ఉండు" అనేవాళ్లు ఊరినిండా ఉన్నారు. 2018లో ఒక డీఎస్సీ వచ్చింది. ఆ తరువాత 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి రద్దు చేశారు. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ వచ్చింది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలకు ఒక్కసారిగా 1.26 లక్షల ఉద్యోగాలు తీశారు. అట్లాంటిది మళ్లీ రాలేదు. ఈ తేదీలు వరుసగా చెప్పగలిగిన సలహాదారు, డీఎస్సీకి చదవమనీ అనడు, వద్దనీ అనడు. "రెండు నోటిఫికేషన్ల నడుమ ఇన్నేళ్లు పట్టింది, ఆ ఏళ్లు ఏం చేస్తూ చదువుతావో ముందు చూద్దాం" అంటాడు. ఈ ఒక్క వాక్యం నేర్పడానికే శిక్షణ కావాలి.

అట్లాగే కియా. 2019లో పెనుకొండ దగ్గర కార్లు తయారు కావడం మొదలైన నాటినుంచి ప్రతి తండ్రీ "కియాలో ఏమన్నా చూడరాదా సార్" అంటాడు. ఐటీఐ, డిప్లొమా, ఇంజనీరింగ్, బీఏ: ఒక్కొక్క చదువుకు ఫ్యాక్టరీలోనూ దాని చుట్టూ ఉన్న విడిభాగాల కంపెనీల్లోనూ ఏ పని ఉంటుందో, దేనికి అసలు ఉండదో సలహాదారుకు తెలియాలి. అనంతపురంలోనే ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ నడిపే విదేశీ భాషల పాఠశాల ఉంది. పల్లెటూరి పేద పిల్లలు జర్మన్, ఫ్రెంచి, స్పానిష్ నేర్చుకుని ఉద్యోగాలకు పోతున్నారు. మన డిగ్రీ పిల్లల్లో దాని పేరు విననివాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇంతకూ ఎవరిని ఎంచుకోవాలి? మామూలుగా జరిగేది, పెద్ద ప్యాకేజీ కొట్టినవాణ్ణి పిలిచి మైకు ఇవ్వడం. నా మాట వింటే అతన్ని ఒక సభకు పిలవండి, సన్మానం చేయండి, సలహాదారుగా మాత్రం తొందరపడి తీసుకోకండి. తనకు కలిసొచ్చిన దారిని అందరికీ దారి అనుకునే ప్రమాదం అతనికే ఎక్కువ. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషుతో కుస్తీ పట్టినవాళ్లు, సప్లీలు రాసి బయటపడినవాళ్లు, ఒక ఉద్యోగం వదిలి మళ్లీ చదువుకు వచ్చినవాళ్లు, హాస్టల్ వాళ్లూ డే స్కాలర్లూ, అన్ని విభాగాలవాళ్లూ కలగలిసి ఉండాలి. అమ్మాయిలు సగానికి తగ్గకూడదు. బెంగుళూరులో ఏ హాస్టల్లో ఉండాలి, నైట్ షిఫ్ట్ అంటే ఇంట్లో ఎట్లా ఒప్పించాలి, సంబంధం చూస్తున్నారు చదువు ఎట్లా పూర్తిచేయాలి అన్నవి అమ్మాయి అమ్మాయినే అడుగుతుంది. ఎంపికకు నేను చూసేది ఒకటే. కొత్తమనిషి చెప్పేది అయిదు నిమిషాలు విని, వాళ్లేం చెప్పారో తిరిగి నాకు చెప్పమంటాను. చెప్పగలిగినవాళ్లు తక్కువే ఉంటారు. వాళ్లు కావాలి.

శిక్షణలో ఒక మధ్యాహ్నం ఎట్లా సాగుతుందో చెప్తాను. మూడు కుర్చీలు వేస్తాం. ఒకదానిలో సలహాదారు, ఎదురుగా అడిగేవాడు, పక్కన చూసేవాడు. అడిగేవాడు కూడా శిక్షణలో ఉన్న విద్యార్థే. అతని చేతిలో ఒక చీటీ పెడతాం. చీటీలో పై సగం తనంతట తాను చెప్పాల్సింది. కింది సగం అడిగితేనే చెప్పాల్సింది.

ఒకరోజు చీటీ పై సగంలో ఉన్నది ఇది: బీకాం మూడో సంవత్సరం, ఒక సప్లీ మిగిలింది, బ్యాంకు పరీక్షలకు పోవాలా బెంగుళూరుకు పోవాలా. సలహాదారు కుర్చీలో రాయదుర్గం వైపు నుంచి వచ్చిన ఎమ్మెస్సీ అమ్మాయి కూర్చుంది. చురుకైన పిల్ల. అతను "అక్కా, నేను బ్యాంకుకి చదవల్లా, బెంగుళూరికి పోవల్లా?" అన్నాడో లేదో, అందుకుంది. నంద్యాలలో కోచింగ్ బాగుంటుంది, ఫీజు ఇంత, గది అద్దె ఇంత, ప్రిలిమ్స్ ఇట్లా, మెయిన్స్ అట్లా. చెప్పినదంతా సరైనదే. ఒక్క తప్పు లేదు. అతను తల ఊపుతూ విన్నాడు. "సరే అక్కా" అని లేచాడు.

పక్క కుర్చీలో చూస్తున్నవాణ్ణి అడిగాం: ఈ అబ్బాయికి ఏం కావాలి? బ్యాంకు ఉద్యోగం అన్నాడు. అప్పుడు చీటీ కింది సగం చదివి వినిపించాం. తండ్రి బోరు వేయించడానికి అప్పు చేశాడు, నీళ్లు పడలేదు. చెల్లెలికి ఈ ఏడు ఇంటర్ అయిపోతుంది. ఇంటికి నెలనెలా కొంత పంపకపోతే చెల్లెలి చదువు ఆగుతుంది. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ అమ్మాయికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఎందుకంటే అది దాదాపు వాళ్లింటి కథే. తనకు తెలిసిన కథే ఎదురుగా కూర్చుంటే, చెప్పాలన్న ఆత్రంలో తనకే వినబడలేదు.

మళ్లీ మొదలుపెట్టించాం. ఈసారి ఒక్క నియమం: మొదటి మూడు మాటలూ ప్రశ్నలే కావాలి. "ఈ రెండింటిలో నీ మనసు దేని మీద ఉంది?" "ఇంట్లో ఏమంటున్నారు?" "కోచింగ్‌కి పోతే ఇంటికి డబ్బు లేకుండా ఎన్నాళ్లు గడుస్తుంది?" మూడో ప్రశ్నకు చీటీ కింది సగం మొత్తం బయటికి వచ్చింది. అప్పుడు దారి తనంతట తానే మారింది. ముందు ఆ సప్లీ రాయాలి. చాలా డ్రైవుల్లో బ్యాక్‌లాగ్ ఉంటే గడప కూడా తొక్కనివ్వరు. ఆ తరువాత అప్రెంటిస్‌షిప్ చూడవచ్చు. ఆ నిబంధనల 2019 సవరణ ప్రకారం డిగ్రీ అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండ్ ఇవ్వాలన్నారు; కేంద్ర పోర్టల్లో పేరు నమోదు చేసుకోవాలి. అది చేస్తూ పొద్దున సాయంత్రం బ్యాంకు పరీక్షకు చదువుకోవచ్చు. నంద్యాల ఏడాది తరువాత కూడా అక్కడే ఉంటుంది. ఈ మాటలన్నీ ఆ అమ్మాయే అంది, మేమెవరం అందించలేదు. సమాచారం ఆమె దగ్గర ముందే ఉంది. ఏ మనిషికి ఏ సమాచారం అన్నది మూడు ప్రశ్నల తరువాతే తెలిసింది.

క్యాంప్‌బెల్ చూసిన చిలకపలుకు ఇట్లాంటి చోట్లే పుడుతుంది. పీపీటీలు చూపించి, హ్యాండవుట్లు పంచి, రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టి సర్టిఫికెట్ ఇచ్చి పంపితే తయారయ్యేది అప్పజెప్పే సలహాదారు. ఆ సలహాదారు కంటే సెల్‌ఫోనులో వెతుక్కోవడం మేలు.

వినడం తరువాత నేర్పవలసింది ఎక్కడ ఆగాలో. కొన్ని విషయాలు విద్యార్థి సలహాదారు చేతుల్లో ఒక్క నిమిషం కూడా ఉండకూడదు. "బతకాలని లేదు" అన్న మాట ఏ రూపంలో వినబడినా ఆ పిల్లవాణ్ణి ఒంటరిగా వదలకుండా వెంటనే పర్యవేక్షకుడికి చెప్పాలి. టెలీ మానస్ నంబరు 14416 గోడ మీద రాసి ఉండాలి, సలహాదారుకు నోటికి వచ్చి ఉండాలి. "ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను సార్" అన్నది ఇక్కడ చెల్లదు. ఆ మాట మొదటే ఇవ్వకూడదని శిక్షణలోనే చెప్పాలి. వేధింపు, ర్యాగింగ్, బలవంతపు పెళ్లి, అప్పులవాళ్ల ఒత్తిడి వంటివి కూడా పెద్దల దగ్గరికి చేరవలసినవే.

మోసపు ఉద్యోగాల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే కరువు నేల పిల్లలే మోసగాళ్లకు సులువుగా దొరుకుతారు. కన్సల్టెన్సీ వాడికి లక్షలు కట్టి బ్యాక్‌డోర్ ఉద్యోగం కొనుక్కోవడం, లేని అనుభవానికి కాగితాలు పుట్టించుకోవడం, బాండ్ పేరుతో ఒరిజినల్ సర్టిఫికెట్లు అప్పజెప్పి చిక్కుకుపోవడం మన పిల్లలకు తెలియని కథలు కావు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం పత్రికల్లో అందరూ చదివారు. ఉద్యోగం కోసం చూసేవాళ్లను డేటా ఎంట్రీ పనికని అక్కడికి తీసుకుపోయి సైబర్ మోసాల కేంద్రాల్లో కుదేశారు. సలహాదారు అందరికీ ఒకే ముక్క చెప్పాలి: ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. డబ్బు ముందే పోయి ఉంటే 1930కి ఫోన్ చేయించి, ఆ పూటే పర్యవేక్షకుడి దగ్గరికి తీసుకురావాలి. తానే ఆ కంపెనీతో మాట్లాడి తేల్చేద్దామని దూకకూడదు.

గుట్టు గురించి ఒక మాట. మన కాలేజీల్లో రెజ్యూమెలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. ఆడపిల్లల ఫోన్ నంబరు, ఊరు, పుట్టినతేదీ, ఫోటో అన్నీ అందులోనే. ఆ తరువాత రాత్రిపూట వచ్చే ఫోన్లు ఎందుకు వస్తున్నాయో ఎవరికీ అర్థం కాదు. 2023లో వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. చట్టం రాకముందు కూడా ఇది తప్పే. ఒక్కరి రెజ్యూమె ఒక్కరే చూడాలి, దిద్దాలి, తిరిగి వాళ్లకే ఇవ్వాలి. ఎవరింట్లో ఎంత అప్పు ఉందో హాస్టల్లో మాట జారితే ఆ సలహాదారు ఆ రోజుతో ఆపేయాలి. ఈ విషయంలో రెండో అవకాశం ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు నేను మొదట చెప్పిన ఆ గంట. పర్యవేక్షకుడు ప్రతి వారం సలహాదారులందరితో ఒక గంట కూర్చోవాలి. ఒక్కొక్కరు పేరు చెప్పకుండా ఒక సంభాషణ చెప్పాలి: ఏం అడిగారు, నేనేం అన్నాను, ఎక్కడ తడబడ్డాను. పర్యవేక్షకుడికి అక్కడ పెద్ద శోధన ఉంటుంది, ఉపన్యాసం ఇచ్చేయాలనిపిస్తుంది. ఇవ్వకూడదు. సలహాదారు జూనియర్‌ను ఎట్లా అడగాలో పర్యవేక్షకుడు సలహాదారును అట్లాగే అడగాలి. వాళ్లు నేర్చుకునేది మన మాటల నుంచి కొంతే. మనం వాళ్లను ఎట్లా విన్నామో దాన్నిబట్టి ఎక్కువ.

ఒక రిజిస్టరు ఉండాలి. కంప్యూటరులోనైనా సరే, రూళ్ల పుస్తకంలోనైనా సరే. ఏం అడిగారు, ఏం చెప్పాం, మనకు ఏది తెలియలేదు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నాం. ఈ నాలుగింటిలో నేను ముందు చూసేది మూడో గడి. ఏది తెలియలేదు అన్న గడి నెలల తరబడి ఖాళీగా ఉంటే ఆ సలహాదారు గురించి నాకు దిగులు. తెలియదు అనలేనివాడు తోచింది చెప్తున్నాడన్నమాట. ఆ గడి నిండిన రిజిస్టరు మరుసటి నెల శిక్షణకు పాఠ్యాంశం. రిజిస్టరులో ఇంకొకటి కూడా కనబడుతుంది. ఒకరి పేజీలు తిప్పితే వచ్చినవాళ్లందరికీ గ్రూప్స్ చెప్పినట్టు ఉంటుంది. తీరా చూస్తే ఆ సలహాదారు తానే గ్రూప్స్‌కు చదువుతున్నాడు. అతనిలో దుర్బుద్ధి లేదు. తాను ఎంచుకున్న దారి సరైనదేనని తనకు తాను నచ్చజెప్పుకోవడానికి పదిమందిని తోడు తెచ్చుకుంటున్నాడు. అది అందరి ముందూ అనకూడదు. పక్కకు పిలిచి, ఆ పేజీలే చేతికిచ్చి, చదువుకోమనాలి.

సలహాదారు కూడా ఉద్యోగం లేని విద్యార్థే అన్నది మనం మరిచిపోయే సంగతి. తన సలహాతో జూనియర్‌కు ఆఫర్ లెటర్ వచ్చి, స్వీట్ బాక్సు తెచ్చిస్తే, ఆ సాయంత్రం తన గదిలో కూర్చుని ఏమనుకుంటాడో ఎవరు అడుగుతారు? ఆ వారపు గంటలో కొంత భాగం వాళ్లది కావాలి. వాళ్ల ఇంటర్వ్యూలు, వాళ్ల పరీక్షలు, వాళ్ల దిగులు. పరీక్షల నెలలో వాళ్లకు సెలవు ఇవ్వాలి.

ఎంతమందికి ఒక పర్యవేక్షకుడు? పదిమందికి మించితే కన్ను ఆనదు. ఇక్కడే మన వ్యవస్థ తప్పించుకుంటుంది. చాలాచోట్ల ప్లేస్‌మెంట్ ఆఫీసరంటే ఎవరో ఒక అధ్యాపకుడికి అదనంగా అప్పజెప్పిన బరువు. వారానికి పదహారు క్లాసులు చెప్పి, ఎన్ఎస్ఎస్ చూసి, మిగిలిన సమయంలో ఇది. న్యాక్ గుర్తింపు కోసం ఎంతమందికి కెరీర్ మార్గదర్శనం ఇచ్చామో లెక్క కావాలి, ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయో, నడిమి జీతం ఎంతో కావాలి. ఆ లెక్కలు అవసరమే, కాదనను. కాని విద్యార్థి సలహాదారులను ఆ లెక్కలకు కట్టేస్తే జూనియర్‌ను ఏదో ఒక ఉద్యోగంలో తోసేయడం మొదలుపెడతారు. చెల్లెలి చదువు, సప్లీ, బోరు అప్పు ఏ నమూనా పత్రంలోనూ పట్టవు.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా చెప్తాను. ఈ పనికి భత్యం ఇవ్వాలి. సేవ అని పేరుపెట్టి ఉచితంగా చేయించుకుంటే, సెలవు రోజుల్లో క్యాటరింగ్‌కో కొట్లో లెక్కలు రాయడానికో పోయి ఖర్చులు వెళ్లదీసుకునే పిల్లలు దీనికి రాలేరు. ఎవరి అనుభవం మనకు అన్నిటికంటే అవసరమో వాళ్లే తలుపు బయట ఉండిపోతారు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఇది గంటల లెక్కన జీతమిచ్చే క్యాంపస్ ఉద్యోగం. మన జిల్లాల నుంచి అక్కడికి పోయిన పిల్లలు వీసా నిబంధన ప్రకారం చదువు జరిగే రోజుల్లో వారానికి ఇరవై గంటలు క్యాంపస్‌లో పనిచేయవచ్చు; కొందరు ఇట్లాంటి పనులే చేసి ఫీజులు కట్టుకున్నారు. అక్కడ జీతం తీసుకుని చేసిన పని ఇక్కడ ఉచితంగా చేయమనడానికి నాకు కారణం కనబడదు. మన రాష్ట్రంలో డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. ఎక్కడ చేయాలో తెలియక సర్టిఫికెట్ల కోసం తిరిగే పిల్లలకు, పర్యవేక్షణ గల ఈ పనిని అందులో భాగంగా గుర్తిస్తే ఇద్దరికీ మేలు.

ఇక నా విన్నపాలు. ఈ నిధి ధర్మకర్తలను నేను అడిగేది, ఏటా వచ్చే వడ్డీలో ఉపన్యాసానికీ శాలువాకూ అయ్యే ఖర్చు తగ్గించుకుని, మిగిలినది విద్యార్థి సలహాదారుల భత్యానికి కేటాయించమని. ఈ సంవత్సరం నాకు ఇవ్వదలచిన పారితోషికం కూడా అందులోనే వేయండి. వైస్ ఛాన్సలర్ గారిని అడిగేది ఒక గది. పరిపాలనా భవనంలో వద్దు. హాస్టళ్లకూ లైబ్రరీకీ నడుమ ఎక్కడైనా, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా తెరిచి ఉండేది. ధర్మవరం, గుత్తి వైపు నుంచి రైళ్లలో, బస్సుల్లో వచ్చిపోయే డే స్కాలర్ల కోసం మధ్యాహ్నం భోజన విరామంలో కూడా ఒక గంట తెరవాలి. రిజిస్ట్రార్ గారిని అడిగేది ఒక ఉత్తరువు: పర్యవేక్షకుడిగా ఉండే అధ్యాపకుడికి క్లాసుల భారం సగానికి తగ్గిస్తున్నట్టు, ఆ వారపు గంట అతని టైంటేబుల్లో క్లాసుగానే చూపిస్తున్నట్టు రాతపూర్వకంగా ఉండాలి. కొత్త విద్యా సంవత్సరం అడ్మిషన్లు మొదలయ్యేలోపు అది నోటీసు బోర్డు మీదికి వస్తే, ఎంపికైన సలహాదారులతో ఆ మూడు కుర్చీల మధ్యాహ్నాలు కొన్నైనా ముందే జరపవచ్చు. అడిగితే ఆ చీటీలు రాసివ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.